బాత్రూం టైల్స్ సందుల్లోకి దిగిన నీళ్లు ఎటు పోతాయి

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పదేళ్ల కింద కట్టిన ఇంట్లో బాత్రూం ఎలా ఉందో తెలుసుకోవడానికి తలుపు తీయాల్సిన పని లేదు. దాని వెనకాల గోడ చూస్తే చాలు. బెడ్‌రూం వైపు, నేల నుంచి అడుగున్నర ఎత్తు దాకా పెయింటు బుడగలుగా లేచి ఉంటుంది. వేలితో నొక్కితే పుట్టీ పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడిలో దూదిలా తెల్లగా మెరిసే ఉప్పు కనిపిస్తుంది. ఇంటివాళ్లు అప్పటికే రెండుసార్లు పుట్టీ పెట్టించి, రంగు వేయించి, విసిగిపోయి ఓ బీరువా అడ్డం జరిపి ఊరుకుని ఉంటారు. లోపల మాత్రం ఏడడుగుల ఎత్తు దాకా వేసిన టైల్స్ ఒక్క పగులు లేకుండా తళతళలాడుతుంటాయి. టైల్స్ ఇంత బాగున్నాక నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరికీ అంతు పట్టదు.

టైల్‌లోంచి నీరు దిగదన్న మాట నిజమే. నేలకు వేసే విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం కూడా నీరు పీల్చదు. గోడకు వేసే సిరామిక్ టైల్ సంగతి వేరు. దాని వెనకభాగం కాల్చిన మట్టే కాబట్టి పది శాతానికి పైగా పీలుస్తుంది. కానీ ముందువైపు గాజులాంటి గ్లేజు పూత ఉంటుంది కనుక నీరు దాన్ని దాటదు. మోర్బీ నుంచి లారీల్లో వచ్చే సరుకులో తక్కువ ధరదైనా సరే, ఈ ఒక్క పనీ సరిగ్గానే చేస్తుంది.

మరి సందుల మాటేమిటి? ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న మామూలు బాత్రూం తీసుకుందాం. గోడలకు అడుగు, అడుగున్నర సైజు టైల్స్ ఏడడుగుల ఎత్తు వేస్తే తలుపు పోను దాదాపు వంద టైల్స్ పడతాయి. వాటి మధ్య సందులన్నీ ఒకదాని వెంట ఒకటి పరిస్తే రెండొందల యాభై అడుగుల పొడవు వస్తుంది. నేల టైల్స్ సందులు ఇంకో డెబ్బై అడుగులు. అంటే ఒక చిన్న బాత్రూంలో మూడొందల అడుగులు దాటిన సందు ఉంది. అదంతా చాలా ఇళ్లలో వైట్ సిమెంటుతో నింపిందే. సిమెంటు ఎంత గట్టిపడినా లోపల కంటికి ఆనని సన్నని రంధ్రాలు మిగులుతాయి. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టు ఆ రంధ్రాలు నీటిని లోపలికి లాక్కుంటాయి. రోజూ నలుగురు స్నానం చేసే ఇంట్లో ఆ సందు పూర్తిగా ఆరే సమయమే దొరకదు.

లోపలికి పోయిన నీరు టైల్ వెనక సిమెంటు మాలులో నాని, మెల్లగా కిందికి దిగి, గోడా నేలా కలిసే మూల దగ్గర చేరుతుంది. అక్కడి నుంచి ఇటుకలోకి ఎక్కుతుంది. ఇటుక పీల్చుకున్న నీరు కొంత ఎత్తు దాకా పాకి, ఆరేందుకు దారి దొరికిన వైపు బయటికి వస్తుంది. బాత్రూం వైపు టైల్ అడ్డం కనుక దానికి దొరికే దారి బెడ్‌రూం వైపే. నీరు ఆవిరై పోతుంది, ఇటుకలోనూ మాలులోనూ కరిగిన ఉప్పు మాత్రం పెయింటు కింద గడ్డకట్టి పొరను లేపేస్తుంది. చెమ్మ ఎప్పుడూ అడుగు, అడుగున్నర ఎత్తులోనే కనపడటానికి కారణం ఇదే. పుట్టీ పెట్టినా లాభం లేకపోవడానికీ ఇదే కారణం. జబ్బు గోడకు అటువైపు ఉంది, మందు ఇటువైపు పూస్తున్నారు.

నీటిని నిజంగా ఆపాల్సింది టైల్ కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పూత. సిమెంటు పొడి, పాలిమర్ ద్రవం కలిపి బ్రష్‌తో వేసే రెండు భాగాల పూత ఇప్పుడు ఏ పట్టణంలోనైనా దొరుకుతుంది. నేలను, గోడ గిలాబును కొద్దిగా తడిపి ఒక పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేస్తారు. గోడకు కనీసం అడుగు ఎత్తు, షవర్ నీళ్లు నేరుగా పడే గోడకు మనిషి ఎత్తు దాటి వేయాలి. మూలల్లో పూత మధ్యన ఫైబర్ జాలీ పెట్టాలి. పని పెద్దది కాదు, ఖర్చు కూడా టైల్స్ ఖర్చుతో పోలిస్తే తక్కువే. అయినా ఎక్కువ ఇళ్లలో ఎగ్గొట్టేది దీన్నే. పూత మీద టైల్స్ పరిచాక అది ఉందో లేదో ఎవరికీ కనపడదు కదా. దానికి బదులు మాలులో వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ లిక్విడ్ మాలులోంచి నీరు దిగడాన్ని తగ్గిస్తుంది, అంతవరకు మంచిదే. కానీ రేపు మాలు పగిలితే పగులు మీద అది ఏ పనీ చేయదు. సాగే గుణం ఉన్న పూత సన్నటి పగులును దాటి నిలబడుతుంది.

సంకన్ స్లాబు ఉన్న ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువ. పైపులు దాచేందుకు బాత్రూం స్లాబును ముప్పావు అడుగు, అడుగు కిందికి దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో, క్రషర్ డస్ట్‌తో నింపుతారు. సందుల్లోంచి దిగిన నీరు ఆ గుంతలో చేరితే అది ఇంటి కింద దాచిన తొట్టే. నింపక ముందు స్లాబు మీద ఒకసారి, నింపాక టైల్స్ కింద ఇంకోసారి పూత వేయాలని చెప్పేది ఇందుకే. గుంత అడుగు నుంచి బయటికి సన్నటి పైపు ఒకటి వదిలితే ఇంకా మంచిది. ఆ పైపులోంచి ఎప్పుడైనా చుక్కలు పడితే పైన ఏదో చెడిందని ముందే తెలుస్తుంది.

సందులన్నీ ఒకటి కావు

పూత సంగతి పక్కన పెట్టి సందుల దగ్గరికి వద్దాం. బాత్రూంలో మూడు రకాల సందులుంటాయి. టైల్‌కూ టైల్‌కూ మధ్యది ఒకటి, రెండు గోడలు లేదా గోడా నేలా కలిసే మూలది ఇంకొకటి, టైల్‌లోంచి పైపు, ట్రాప్ (నేల మీది నీళ్లు డ్రైనేజీలోకి పోయే గిన్నె), ట్యాప్ బయటికొచ్చే చోటు మూడోది. మన దగ్గర ఈ మూడింటికీ ఒకటే వైద్యం. పని ఆఖరి రోజు సాయంత్రం ఓ తట్టలో వైట్ సిమెంటు పోసి, నీళ్లు కలిపి జారుగా చేసి, సందుల మీద గుడ్డతో రుద్దేస్తారు. అడిగితే "ఏం గాదు సార్, వైట్ సిమెంట్ పెట్టినంక సుక్క నీళ్లు దిగయి" అన్న భరోసా వస్తుంది. దేశంలో సగం ప్రాజెక్టులకు రెక్కలు ముక్కలు చేసుకున్న పాలమూరు మేస్త్రీల పనితనాన్ని తక్కువ చేసే మాట కాదిది. చేతిలో ఇచ్చిన సరుకే అది, ఇచ్చిన టైమే అంత.

వైట్ సిమెంటులో ఇసుక లేదు కనుక ఆరేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. జారుగా కలిపిన కొద్దీ నీరు ఎక్కువ, నీరు ఆవిరైన చోటల్లా రంధ్రం. పైగా సిమెంటు గట్టిపడాలంటే తడి కావాలి. ఏప్రిల్ ఎండలో నింపి, మర్నాడు నీళ్లు చల్లకపోతే అది గట్టిపడక ముందే ఎండిపోతుంది. ఆరు నెలలకు గోరుతో గీస్తే ముగ్గుపిండిలా రాలేది అలాంటి సందే. దానికి బదులు సన్నని ఇసుక, పాలిమర్ కలిసి ప్యాకెట్లలో వచ్చే గ్రౌట్ వాడి, రెండు మూడు రోజులు తడి చూపిస్తే అదే సందు ఏళ్లకొద్దీ నిలుస్తుంది.

అసలు సందే లేకుండా టైల్స్ వేయించుకోవడం ఓ గొప్పగా మారింది. పేపర్ జాయింట్ అంటారు. చూపుకు బాగుంటుంది. కానీ టైల్స్ మధ్య సందు లేకపోతే గ్రౌట్ లోపలికి దిగదు, పైన పొరలా అంటుకుని నాలుగు కడుగులకు పోతుంది. నీరు మాత్రం వెంట్రుకంత సందులోంచి కూడా దూరుతుంది, వెడల్పు సందు కంటే అక్కడే ఇంకా గట్టిగా పీల్చుకుంటుంది. స్నానాల చోట రెండు, మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టి టైల్స్ వేయించడమే సరైన పని.

ఎపాక్సీ గ్రౌట్ అయితే నీరు దాదాపు పీల్చదు, మరక పట్టదు, యాసిడ్‌కూ తట్టుకుంటుంది. రెజిన్, హార్డెనర్, పొడి మూడూ కలిపాక ముప్పావు గంట లోపే పని ముగించాలి. మే నెలలో నల్గొండ వేడికి ఆ సమయం ఇంకా తగ్గుతుంది. డబ్బా మొత్తం ఒకేసారి కలిపితే సగం తట్టలోనే రాయి అవుతుంది. పొద్దున్నే, కొద్దికొద్దిగా కలుపుకోవాలి. టైల్ మీద అంటిన జిగురును అప్పటికప్పుడు తుడవకపోతే ఆ తర్వాత బ్లేడుతో గీకాల్సిందే. ఇల్లంతా కాకపోయినా షవర్ కింద గోడలకూ నేలకూ ఎపాక్సీ పెట్టించడం దండగ కాదు.

మూలల సంగతి దగ్గరికొచ్చేసరికి ఎపాక్సీ కూడా పనికిరాదు. మూల కదులుతుంది. ఈ మాట చాలామంది నమ్మరు, ఇల్లు కదలడమేమిటని నవ్వుతారు. లెక్క చూద్దాం. కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు వందో వంతు మిల్లీమీటరు సాగుతుంది. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల గోడకు ఇరవై డిగ్రీల తేడా వస్తే సాగేది దాదాపు అర మిల్లీమీటరు. అల్యూమినియం అంతకు రెండింతల పైన, పీవీసీ పైపు ఆరేడింతలు సాగుతుంది. పై అంతస్తు స్లాబు మీద మే నెల ఎండ పడి రాత్రికి చల్లారడం, డిసెంబరు పొద్దున చల్లటి గోడ మీద గీజరు నీళ్లు పడటం, ఇవన్నీ ఆ మూలను రోజూ కాస్త తెరుస్తూ మూస్తూ ఉంటాయి. గోడ ఒక తీరున, నేల ఒక తీరున కదులుతుంటే మధ్యలో గట్టిగా ఇరుక్కున్న సిమెంటుకు పగలడం తప్ప వేరే దారి లేదు. ఏ బాత్రూంలోనైనా వంగి మూలను చూడండి. గోడా నేలా కలిసే గీత వెంట వెంట్రుకంత నల్లటి చార కనిపిస్తుంది. అదే పగులు. సబ్బు నురగ, నాచు చేరి నల్లబడింది. సందుల్లోంచి పోయే నీటిలో చాలా భాగం పోయేది ఆ చారలోంచే, ఎందుకంటే గోడ మీంచి జారే నీరంతా అక్కడికే చేరుతుంది.

మూలల్లో వాడాల్సింది రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్. అందులోనూ రెండు రకాలున్నాయి. ఆరేటప్పుడు వెనిగర్‌లా ఘాటైన పులుపు వాసన వచ్చేది ఒకటి, పెద్దగా వాసన లేని న్యూట్రల్ రకం ఇంకొకటి. మొదటిది చవక, గాజుకూ గ్లేజు టైల్‌కూ బాగా అంటుకుంటుంది. కానీ ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం మార్బుల్‌ను, తాండూరు బండను, లోహాన్ని తింటుంది. సిమెంటు అంచుకు సరిగ్గా పట్టదు. మన బాత్రూంలలో సిమెంటు, బండ, ఇనుము తగలని మూల ఉండదు కనుక న్యూట్రల్ రకం అడిగి తెచ్చుకోవడం మేలు. ట్యూబు మీద శానిటరీ అని రాసి ఉంటే బూజు పట్టకుండా మందు కలిపారని అర్థం.

పైపుల చుట్టూ సందు చిన్నదే అయినా, అదీ చాలా ఇళ్లను ముంచుతుంది, ముఖ్యంగా నేల మీది నానీ ట్రాప్. పీవీసీ నున్నగా ఉంటుంది కనుక సిమెంటు దానికి అంటదు. ట్రాప్ చుట్టూ పోసిన మాలు ఆరి ముడుచుకోగానే గుండ్రటి సందు ఒకటి ఏర్పడుతుంది. బాత్రూంలో పడ్డ ప్రతి చుక్కా ఆ సందు పక్క నుంచే పోవాలి. తెలిసిన ప్లంబర్లు ట్రాప్ బయటివైపు సాల్వెంట్ సిమెంటు (పీవీసీ పైపులు అతికించే గమ్ము) పూసి దాని మీద ఇసుక చల్లి గరుకు చేస్తారు. మాలు పట్టడానికి ఇది చవకైన, మంచి ఉపాయం. ఆ తర్వాత ముడుచుకోని గ్రౌట్‌తో చుట్టూ నింపి, వాటర్‌ప్రూఫ్ పూతను ట్రాప్ లోపలి అంచు దాకా దించాలి. పూత అంగుళం దూరంలో ఆగిపోతే నేలంతా వేసినా వృథా. ట్యాప్ పైపు చుట్టూ ఎంసీల్ నొక్కడం మనకు అలవాటు. అది రాయిలా గట్టిపడుతుంది. ఇనుప పైపుకు పరవాలేదు గానీ వేడినీళ్ల ప్లాస్టిక్ పైపు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే దాని పక్కనే మళ్లీ గీత పడుతుంది. అక్కడా సిలికానే నయం, పైన తొడిగే స్టీల్ మూత దాన్ని ఎలాగూ దాచేస్తుంది.

సున్నం మరకలు, యాసిడ్ సీసా

ఇక్కడి ఇళ్లకు ఇంకో తిప్పలుంది. తాగేందుకు మిషన్ భగీరథ నల్లా వచ్చినా స్నానాలకూ బట్టలకూ ఇంకా బోరు నీళ్లే వాడే ఇళ్లు ఎన్నో. రాతి నేలలోంచి వచ్చే ఆ నీళ్లలో కరిగిన కాల్షియం ఎక్కువ. నీటి చుక్క టైల్ మీద ఆరిన చోట ఆ కాల్షియం తెల్లటి పెంకులా మిగులుతుంది. నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి చాలామంది ఈ తెల్లదనాన్నీ దాని ఖాతాలోనే వేస్తారు. ఫ్లోరైడ్‌కూ ఈ పెంకుకూ సంబంధం లేదు. ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేటు, టైల్‌ను అది ఏమీ చేయదు. టైల్ మీద పేరుకునేది కాల్షియం కార్బొనేట్, అంటే దాదాపు సున్నపురాయే.

సున్నం పట్టిందని ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు? కిరాణా కొట్లో దొరికే బాత్రూం యాసిడ్ తెచ్చి నేల మీద పోస్తారు. బుస్సుమని నురగ పొంగుతుంది, మురికంతా పోతోందని సంబరపడతారు. ఆ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తెల్లటి పెంకును ఎంత ఇష్టంగా తింటుందో, సందులోని సిమెంటును అంతే ఇష్టంగా తింటుంది. ఆమ్లానికి రెండూ కాల్షియం సరుకే కనుక తేడా తెలియదు. ఆ నురగలో కొంత సందులోంచి పొంగుతున్నదే. పండగకోసారి అనుకుంటే సరే, వారం వారం పోసే ఇళ్లలో రెండు మూడేళ్లకు సందు టైల్ అంచు కంటే మిల్లీమీటరు కిందికి దిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీస్తే గరుకు గరుకుగా, ఇసుకలా తగులుతుంది. టైల్ మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది. మేస్త్రీ పని బాగా చేసిన ఇల్లు కూడా ఇలా చేజేతులా కారడం మొదలుపెడుతుంది. టైల్స్‌కు ముందు తాండూరు, షాబాద్ బండలు పరిచిన స్నానాల గదుల్లో ఈ తప్పు వెంటనే బయటపడేది. ఆ బండలే సున్నపురాయి జాతి కనుక యాసిడ్ పోస్తే బండే పొడలు పొడలుగా అయ్యేది. టైల్ వచ్చాక దెబ్బ సందులోకి వెళ్లి దాక్కుంది.

మరకలు పట్టకుండా చూసుకోవడం యాసిడ్ కంటే తేలిక. స్నానం అయ్యాక వైపర్‌తో గోడా నేలా ఒక్కసారి లాగేస్తే ఆరడానికి చుక్క ఉండదు, చుక్క లేకపోతే పెంకు లేదు. పట్టిన చోట వెనిగర్ నీళ్లు గుడ్డకు అద్ది, టైల్ మీదే రుద్ది, వెంటనే కడిగేయాలి. అదీ ఆమ్లమే, కాకపోతే మెత్తనిది. అన్నిటికంటే ముఖ్యం, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

లీకు ఎక్కడో తేల్చుకోవడం

చెమ్మ కనపడగానే సిలికాన్ ట్యూబు కొనడం తొందరపాటు. గోడలోని పైపు కారుతుంటే సందులకు ఎంత పూసినా అది ఆగదు. ఆ బాత్రూంను వారం రోజులు పూర్తిగా వాడకుండా ఉంచండి. చెమ్మ తగ్గకుండా అలాగే ఉంటే అనుమానం నీళ్లు ఎప్పుడూ నిండి ఉండే నల్లా పైపు మీద. తగ్గి, స్నానాలు మొదలుపెట్టగానే మళ్లీ వస్తే సందు గానీ ట్రాప్ గానీ. ఆ రెండింట్లో ఏదో తెలియాలంటే కింది నుంచి పైకి పోవాలి. మొదటి రెండు రోజులు నేల తడపకుండా బకెట్ నీళ్లు నేరుగా ట్రాప్‌లోకే పోయాలి. చెమ్మ వస్తే తప్పు డ్రైనేజీ పైపుది. రాకపోతే ట్రాప్‌కు గుడ్డ మూట బిగించి, గడప దాటకుండా నేల మీద అంగుళం నీళ్లు నిలిపి, అంచున పెన్సిల్‌తో గీత పెట్టి ఒక రోజంతా వదిలేయాలి. గీత కిందికి దిగిన నీటిలో ఆవిరైంది పోను మిగిలింది నేలే తాగిందన్నమాట. ఎండాకాలంలో ఆవిరి ఎంతో తెలియాలంటే పక్కనే ఓ తాంబాలంలో అంతే లోతు నీళ్లు పెట్టి పోల్చుకోవచ్చు. నేల పాసైతే ఆఖరుకు గోడల మీద షవర్ కొట్టి చూడాలి.

ఈ పరీక్షలోనే ఇంకొకటీ బయటపడుతుంది. నీళ్లు వదిలేశాక ఎక్కడైనా గుంతలా నిలిస్తే అక్కడ వాటం లేదు. ఏడడుగుల నేలకు ట్రాప్ వైపు అంగుళమైనా వాలు ఉండాలి. వాటం తప్పిన మూలలో ఎంత మంచి సీలెంట్ పెట్టినా రాత్రింబవళ్లు నీళ్లలో నానుతూ తొందరగా చెడుతుంది.

గోడ టైల్స్‌ను వేలి కణుపుతో తట్టి చూడటం కూడా అవసరమే. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించిన టైల్ డొల్లగా మోగుతుంది. దాని వెనక ఖాళీలో నీరు కాలువలా తిరుగుతుంది. ఒకటి రెండు డొల్ల ఉంటే తీసి మళ్లీ అతికించవచ్చు. గోడ సగం డొల్లగా మోగితే సందుల మీద డబ్బు పెట్టి లాభం లేదు, టైల్స్ పీకి కింద పూత వేయించాల్సిందే. అప్పుడు మాలు ముద్దలు వదిలేసి, ఐఎస్ 15477 గుర్తున్న టైల్ గమ్ము తెచ్చి పళ్లున్న తాపీతో గోడంతా పరిచి అతికించాలి. ఇది వినడానికి ఎవరికీ నచ్చదు. కానీ కింది పూత లేని చోట పై సందుల మరమ్మతు కొన్నేళ్ల వాయిదా మాత్రమే. అద్దె ఇంటికైతే ఆ వాయిదా చాలు, ఉండబోయే ఇంటికి చాలదు.

సిలికాన్ పెట్టే తీరు

పాత మూలను అలాగే ఉంచి పైన సిలికాన్ గీత గీయడం మన దగ్గర బాగా జరిగే పొరపాటు. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు అంటదు, నాచు మీద అసలే అంటదు. మూలలోని సిమెంటును, పాత సీలెంట్‌ను కట్టర్ బ్లేడుతో మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతు తవ్వి తీసేయాలి. దుమ్ము ఊడ్చి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఫ్యాన్ పెట్టి ఒక రోజు ఆరనివ్వాలి. పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉంటే సిలికాన్ అంచు లేచిపోతుంది.

సందు లోతుగా ఉంటే అడుగున ఫోమ్ తాడు దూర్చి, దాని మీద సిలికాన్ పెట్టాలి. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి చేసే పని కాదు. సిలికాన్ అటు గోడకూ ఇటు నేలకూ మాత్రమే అంటుకోవాలి, అడుగుకు అంటకూడదు. రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య లాగితే సాగుతుంది. దాని నడుమను బల్లకు అతికించి లాగితే అక్కడే తెగుతుంది. సందులోనూ అంతే.

తర్వాత సందుకు రెండు వైపులా పేపర్ టేపు అంటించాలి. ట్యూబు ముక్కును వాలుగా, ఐదారు మిల్లీమీటర్ల వెడల్పుకు కోసి, గన్‌ను ఆపకుండా ఒకే వేగంతో మూల చివరిదాకా లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ అతుకు పడుతుంది. ఐదు, పది నిమిషాల్లో పైన చర్మం కడుతుంది, ఆలోపే సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి నునుపు చేసి, తడిగా ఉండగానే టేపు లాగేయాలి. మళ్లీ మళ్లీ రుద్దితే గరుకు పడుతుంది, ఆ గరుకులోనే రేపు బూజు చేరుతుంది. ఐదు ఏడడుగుల బాత్రూంలో నేల చుట్టూ, నాలుగు నిలువు మూలలూ కలిపి యాభై అడుగుల పైనే ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల గీతకు మామూలు 280 మిల్లీలీటర్ల ట్యూబు ముప్పై అయిదు అడుగుల దాకా వస్తుంది కనుక రెండు ట్యూబులు సరిపోతాయి. ఏళ్లు గడిచాక నల్లటి చుక్కలు పైన కనిపిస్తే తుడిస్తే పోతాయి. లోపలికి దిగితే ఇక రుద్దడం అనవసరం, కోసి మార్చుకోవాలి. సిలికాన్ టైల్‌లా శాశ్వతమైన సరుకు కాదు, చెప్పుల్లాగా అరిగితే మార్చుకునేది.

కొత్త ఫ్లాట్లలో షవర్ చుట్టూ గాజు పార్టిషన్లు కూడా వస్తున్నాయి. అక్కడ నష్టమంతా స్క్రూ రంధ్రాలతోనే. అల్యూమినియం చానెల్ బిగించడానికి డ్రిల్ పెట్టినప్పుడు టైల్‌తో పాటు కింది పూతకూ తూటు పడుతుంది. రంధ్రంలో ముందు సిలికాన్ నింపి, తర్వాత ప్లగ్గు, స్క్రూ దించాలి. చానెల్‌కు బయటివైపు అంచు పూర్తిగా మూసి, స్నానం వైపు అంచున అక్కడక్కడ ఖాళీ వదలాలి. లోపలికి ఎలాగూ కొంత నీరు చేరుతుంది, అది తిరిగి స్నానం వైపే జారిపోవాలి. రెండు వైపులా మూసేస్తే ఆ నీరు చానెల్‌లోనే కుళ్లుతుంది.

ఆరే సమయం మన ఎండతో ముడిపడిన విషయం. సిలికాన్ పెయింటులా ఎండకు ఆరదు, గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. మామూలుగా రోజుకు రెండు, మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. మే నెలలో గాలి పిడచకట్టుకుపోయినప్పుడు ఇంకా నిదానం. పైన చర్మం కట్టింది కదా అని మర్నాడే నీళ్లు కొడితే లోపలి మెత్తన అలాగే నలుగుతుంది. వానాకాలంలో గాలిలో తేమ బాగుంటుంది గానీ సందు ఆరదు. ఒక్కటే బాత్రూం ఉన్న ఇంట్లో మూడు రోజులు స్నానాలు మానేయమంటే ఎవరూ వినరు. అందుకే ఈ పనికి దసరా సెలవులు బాగా కుదురుతాయి. వానలు వెనకబట్టి ఉంటాయి, గాలిలో ఇంకా తేమ ఉంటుంది. బతుకమ్మకు ఊరెళ్లే ముందురోజే మూలలు తవ్వి ఫ్యాన్ పెట్టుకుని, బయల్దేరే పొద్దున స్నానాలు పక్కింట్లో కానిచ్చి, సిలికాన్ లాగి తాళం వేసుకుంటే, జమ్మి పెట్టి తిరిగొచ్చేసరికి మూల గోరు దిగనంత గట్టిపడి ఉంటుంది.